14 వేలలో ఇల్లు: మోతీనగర్ సందుల్లో నెలన్నర

ఏప్రిల్ మొదటి ఆదివారం మా ఓనర్ ఆంటీ మెట్లెక్కి పైకి వచ్చారు. ఐదేళ్లలో ఆవిడ మా పోర్షన్‌లోకి రావడం అది రెండోసారి. మంచినీళ్లు తాగి, పాప తల నిమిరి, అప్పుడు అసలు మాట చెప్పారు. వాళ్లబ్బాయికి పెళ్లి కుదిరింది, శ్రావణంలో చేస్తారు, జూన్ రెండో వారానికి మేం ఖాళీ చేస్తే రంగులు వేయించుకుంటారు. తప్పు పట్టడానికేమీ లేదు, ఇల్లు వాళ్లది. కానీ ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఇది 2024 మాట. హైదరాబాద్ మూసాపేటలో మొదటి అంతస్తులో సింగిల్ బెడ్‌రూమ్ మాది. 2019లో 8,000కి చేరాం, ఏడాదికి నాలుగైదు వందలు పెరుగుతూ 9,800 దాకా వచ్చింది. మా ఆయన బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో లేత్ మీద పనిచేస్తారు. నేను అమీర్‌పేటలో డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్ని. పాప నాలుగో తరగతిలోకి వచ్చింది, స్కూలు మోతీనగర్‌లో. మా అత్తయ్యకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి, గోడ పట్టుకుని, ఊపిరి తీసుకుని పైకి వస్తారు. కిందికి దిగాలంటే భయం. పోయిన ఏడాది ఆవిడ గుడికి వెళ్లింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కాబట్టి ఎలాగూ మారాల్సి వచ్చినప్పుడు ఇంకో బెడ్‌రూమ్ ఉండాలి, గ్రౌండ్ ఫ్లోర్ కానీ లిఫ్ట్ కానీ ఉండాలి అనుకున్నాం. పాత క్యాలెండర్ కాగితం వెనక లెక్క రాశాం. జీతాల్లోంచి పాప ఫీజు, అత్తయ్య మందులు, చీటీ, ఊరికి పంపేది తీసేస్తే ఇంటికి మిగిలేది నెలకు 14 వేలు. అద్దె ఒక్కటే కాదు, మెయింటెనెన్స్, నీళ్లు, కరెంటు, నేను పనికి వెళ్లొచ్చే ఖర్చు, అన్నీ ఆ 14 వేలలోనే సర్దుకోవాలి. నా ప్రయాణం విషయంలో కొంత ఊరట ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, నా ఆధార్ ఇక్కడి అడ్రస్‌తోనే ఉంది. బస్సు దొరికే చోట ఇల్లుంటే ఆ డబ్బు అద్దెలోకి పోతుంది.

కేపీహెచ్‌బీ వైపు ముందు చూశాం. హైటెక్ సిటీకి పోయే రోడ్డు పట్టుకుని ఏ సందులో అడిగినా డబుల్ బెడ్‌రూమ్ 20 వేలకి తగ్గలేదు. ఐటీ వాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి తీసుకుంటారు, ఆ రేటు వాళ్లకి భారం కాదు, మాకు కుదరదు. అందుకని భరత్‌నగర్ ఫ్లైఓవర్ దాటి అవతలే వెతకాలని తేల్చుకున్నాం. మోతీనగర్, బోరబండ, సనత్‌నగర్, ఎర్రగడ్డ. ఈ భాగం హైదరాబాద్‌లో కార్మికులు ఎప్పటినుంచో ఉన్న భాగం. ఫ్యాక్టరీలలో పనిచేసి రిటైరైన వాళ్లు వంద, నూటయాభై గజాల్లో కట్టుకున్న రెండంతస్తుల ఇళ్లు ఇంకా మిగిలి ఉన్నాయి. భరత్‌నగర్‌లో మెట్రో, ఎంఎంటీఎస్ లోకల్ రైలు రెండూ ఉన్నాయి, కూరగాయల మార్కెట్ అక్కడే. మాలాంటి వాళ్లు బతకగలిగే చోటు.

మొదటి రెండు వారాలు ఫోన్ పట్టుకునే పోయాయి. యాప్‌లో "ఓనర్" అని ఉన్న నంబర్లకి చేస్తే పదిలో ఏడు బ్రోకర్లవే. కమీషన్ ఒక నెల అద్దె. ఒకతను ఇల్లు చూపించడానికే 500 అడిగాడు, చూపించిన మూడూ మేం చెప్పిన బడ్జెట్ దాటినవే. ఇంకొకాయన ఫోన్లో హిందీలో చాలా మర్యాదగా మాట్లాడి, తాను ఆర్మీలో ఉన్నానని, ట్రాన్స్‌ఫర్ అయిందని, ముందు 5,000 టోకెన్ పంపితే గేట్ పాస్ ఇస్తానని అన్నాడు. ఫొటోల్లో ఇల్లు అద్దంలా ఉంది, అద్దె 11 వేలు. మా ఆయన ఫోన్ తీసి పంపబోయారు. నేను ఆపి, ఆ అడ్రస్ భరత్‌నగర్ దగ్గరే కదా అని నడిచి వెళ్లి చూశాను. అక్కడున్నది టైర్ల షాపు. ఇల్లు చూడకుండా, తలుపు తీసి లోపల నిలబడకుండా ఒక్క రూపాయి పంపొద్దని ఎవరు అడిగినా చెప్తున్నాను. ఆ 5,000 మాకు నాలుగు నెలల మందులు.

మూడో వారం నుంచి నడక మొదలుపెట్టాను. ఆదివారం పొద్దున ఆరున్నరకి బయల్దేరి పదింటికల్లా ఇంటికి. వాకిళ్లు ఊడ్చి ముగ్గులేసే వేళ, పాల ప్యాకెట్లు తీసుకునే వేళ, మనుషులు గుమ్మాల్లో ఉంటారు, అడిగితే చెప్తారు. అసలైన టు-లెట్ బోర్డులు యాప్‌లలోకి ఎక్కవు. అట్టముక్క మీద స్కెచ్ పెన్‌తో రాసి గ్రిల్లుకి పురికొసతో కడతారు. కొందరు గేటు మీద సుద్దతో రాస్తారు. వాన పడితే సగం పోతుంది, ఫోన్ నంబర్లో చివరి రెండంకెలు ఉండవు.

బోర్డు చూసి గేటు తట్టాక అడిగే ప్రశ్నలు దాదాపు అన్నిచోట్లా ఒకటే. ఎంతమంది? ఏం చేస్తారు? నాన్‌వెజ్ వండుతారా? ఊరేది? తర్వాత కాస్త గొంతు తగ్గించి, "మీరేమిట్లు?" కులం ఏదని అడగడమే అది. ఊరి పేరు చెప్పినా, ఉద్యోగం చెప్పినా, జీతం స్లిప్పు చూపిస్తానన్నా ఆ ప్రశ్న మాత్రం పోదు. నేను ప్రతిచోటా నిజమే చెప్పాను. రెండు ఇళ్లలో చెప్పగానే, "మా చుట్టాలు వస్తామన్నారమ్మా, మర్చిపోయాను" అన్నారు. ఒక ఇంట్లో అప్పటికే వంటగది చూపించి, కుక్కర్ ఎక్కడ పెట్టుకోవచ్చో కూడా చెప్పిన ఆవిడ, ఆ మాట తర్వాత చెప్పులేసుకునేదాకా కూడా ఆగలేదు, తలుపు వేసేసింది. పాప నా చెయ్యి పట్టుకుని పక్కనే ఉంది. ఇంటికి వచ్చేదాకా అది ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు.

ఏప్రిల్ చివర్లో ఒక ఇల్లు మనసుకి పట్టేసింది. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, లిఫ్ట్, రెండు బెడ్‌రూములు, తూర్పు వాకిలి. అద్దె 12,500, మెయింటెనెన్స్ 1,500. సరిగ్గా 14 వేలు. ఓనర్ ఊళ్లో లేరు, ఫోన్లోనే మాట్లాడారు, మనిషి మంచిగా అనిపించారు. మా ఆయన సాయంత్రమే అడ్వాన్స్ ఇచ్చేద్దామన్నారు.

నాకు ఒక అలవాటుంది. మాది అప్పటి ప్రకాశం జిల్లా కనిగిరి వైపు పల్లె. ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లు మావి, పళ్ల మీద గోధుమరంగు చారలు చూసి ఎవరు ఎక్కడివాళ్లో చెప్పగలిగే ఊళ్లు. ఏ ఇంటికి వెళ్లినా ముందు కుళాయి చూస్తాను. అక్కడ వంటగది కుళాయి మూతి చుట్టూ తెల్లగా, గట్టిగా పేరుకుని ఉంది, గోటితో గీకితే పొడి రాలింది. అది ఫ్లోరైడ్ కాదు, బోరు నీళ్లలోని సున్నం. ఫ్లోరైడ్ కంటికి కనపడదు. కానీ ఆ పొర ఒక మాట చెప్తుంది, ఈ ఇంట్లో వాడకానికి వచ్చేది మున్సిపల్ నీళ్లు కావు అని. కుళాయి తిప్పితే గాలి వచ్చింది, తర్వాత చుక్కలు.

కిందికి దిగి వాచ్‌మన్ భార్యని కలిశాను. మెట్ల కింద గదిలో బియ్యం ఏరుతోంది. పాలమూరు వైపు అమ్మాయి, నాకంటే చిన్నది. "చెల్లీ, నీళ్లు ఎలా వస్తున్నాయి ఇక్కడ?" అన్నాను. ఆమె ఒకసారి పైకి చూసి, "అక్కా, నేను చెప్పిన్నని అనకు. బోరు మార్చిల్నే ఎండిపోయింది. దినాం ట్యాంకరే" అంది. లోపలికి వెళ్లి ట్యాంకర్ వాళ్లు సంతకం పెట్టే నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. తేదీల పక్కన ఒకటి, ఒకటి, రెండు, ఒకటి, రెండు. నెలకి 45 ట్యాంకర్లు. ఒక్కోటి 1,200. 20 ఫ్లాట్లకి పంచితే ఫ్లాటుకి 2,700, మెయింటెనెన్స్ కాక. అంటే ఆ ఇంటి అసలు అద్దె 16,700. జలమండలి ట్యాంకర్ అయితే అప్పుడు 5,000 లీటర్లు 500 రూపాయలే, కానీ ఆ వేసవి బుక్ చేస్తే రావడానికి రోజులు పట్టేది. బోర్లు ఎండిన అపార్ట్‌మెంట్లన్నీ ప్రైవేటు ట్యాంకర్ల మీదే బతికాయి.

ఓనర్ అబద్ధం చెప్పాడని నేను అనను. ఆయన చెప్పిన 1,500 పోయిన నవంబర్‌లో నిజమే అయ్యుండొచ్చు. అందుకే వేసవిలో ఇల్లు వెతకడం కష్టమే అయినా నా దృష్టిలో మంచిది. నీళ్ల సంగతి దాచడానికి ఎవరికీ వీలుండదు.

ఆ తర్వాత నడకకి వెళ్లేటప్పుడు ముందు ఇల్లు చూసి తర్వాత నీళ్లు అడగడం మానేశాను. ముందే సంపు మూత తీయించి చూసేదాన్ని. "మంజీరా వస్తుందా? ఎన్ని రోజులకొకసారి? ఎంతసేపు?" ఇవి మూడు ప్రశ్నలు. నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు కూడా వస్తున్నా జనం నోట్లో మున్సిపల్ నీళ్లంటే మంజీరానే.

మే మొదటి వారంలో సనత్‌నగర్ వైపు ఒక ఇల్లు దాదాపు కుదిరింది, కరెంటు దగ్గర తెగిపోయింది. పోర్షన్‌కి సొంత మీటరు లేదు, ఓనర్ మీటరు నుంచి సబ్ మీటరు. యూనిట్‌కి 10 రూపాయలు. మా వాడకం నెలకి 150 యూనిట్లు. మా సొంత మీటరుకి మొదటి వంద యూనిట్లు 3.40 చొప్పున, తర్వాతి యాభై 4.80 చొప్పున పడి, మిగతా చార్జీలు కలిపినా ఏడొందల దగ్గర తేలుతుంది. అక్కడ 1,500. ఓనర్ని అడిగితే, "రెండిళ్ల వాడకం కలిసి స్లాబ్ మారిపోతుందమ్మా, నాకూ అంతే పడుతుంది" అన్నారు. స్లాబ్ మారే మాట నిజమే, 10 మాత్రం నిజం కాదు. మాకు తెలంగాణ రేషన్ కార్డు లేదు కాబట్టి గృహజ్యోతి పథకం కింద ఉచితంగా ఇచ్చే 200 యూనిట్లు మాకు ఎలాగూ రావు. కార్డు ఉన్నవాళ్లు మాత్రం పోర్షన్‌కి విడిగా సర్వీసు నంబరు ఉందా అని తప్పకుండా అడగాలి. అద్దెకున్నవాళ్లకి కూడా ఆ పథకం వర్తిస్తుంది, సొంత మీటరు లేకపోతే చేతికందదు.

మే 13న పోలింగ్. ఆంధ్రలో అసెంబ్లీకి, పార్లమెంటుకి ఒకే రోజు. మా ఆయన ఓటు, అత్తయ్య ఓటు ఇంకా ఊళ్లోనే ఉన్నాయి, వాళ్లు రెండ్రోజుల ముందే వెళ్లిపోయారు. హైదరాబాద్ సగం ఖాళీ అయినట్టుంది. నేను పాపతో ఉండిపోయి, వాళ్లు వచ్చేలోపు మోతీనగర్ సందులన్నీ తిరిగేశాను. తాళాలేసిన గేట్లు, వేలాడే బోర్డులు, ఫోన్ చేస్తే "ఊళ్లో ఉన్నామండీ, వచ్చాక మాట్లాడదాం".

అప్పుడే ఇస్త్రీ బండి అన్న దగ్గర ఆగాను. అసలు పాప యూనిఫామ్ ఇస్త్రీకి ఇవ్వడానికి. ఏ ఇంట్లోంచి బట్టలు రావడం ఆగిపోయిందో, ఎవరు ఖాళీ చేశారో, ఎవరి ఓనర్ ఎలాంటివారో ఆ అన్నకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఈ మాట నాకు నెల ముందు తట్టి ఉంటే ఎన్ని కిలోమీటర్లు మిగిలేవో. "రెండు సందుల అవతల, వేపచెట్టున్న ఇల్లు. మార్చి నుంచి ఖాళీగా ఉంది. బోర్డు పెట్టలే, పెద్దాయనకి బోర్డు ఇష్టం లేదు. దక్షిణం వాకిలి, అందుకే ఎవరూ వస్తలేరు" అన్నాడు.

వేపచెట్టు కింద నీలం గేటు. గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్, పైన ఓనర్లు. అంకుల్ ఆల్విన్‌లో పనిచేసి రిటైర్ అయ్యారు. సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ ఉండి, ఫ్రిజ్‌లు, వాచీలు చేసిన ఆల్విన్ అంటే ఈ చుట్టుపక్కల పాతవాళ్లకి ఇప్పటికీ గర్వం. వాళ్ల హాల్లో లేత ఆకుపచ్చ ఆల్విన్ ఫ్రిజ్ ఇంకా ఉంది. పనిచేయదు, లోపల ఇంటి కాగితాలు, కరెంటు బిల్లులు దొంతరగా పెట్టుకున్నారు.

"మీరేమిట్లు" అని ఆయన అడగలేదు. "ఎన్నింటికి లేస్తరు బిడ్డా?" అని అడిగారు. ఎందుకంటే మంజీరా రోజు విడిచి రోజు పొద్దున ఐదున్నరకి వస్తుంది, గంటన్నర ఉంటుంది, కింద పోర్షన్ వాళ్లే లేచి మోటారు వేయాలి. ఇద్దరికీ సంపు ఒకటే. నాకు ఆ ప్రశ్న ఎంత నచ్చిందో చెప్పలేను. సంపు మూత తానే తీసి చూపించారు, అడుగున గచ్చు కనపడేంత తేటగా ఉన్నాయి నీళ్లు. ఫ్రిజ్‌లోంచి నీళ్ల బిల్లు తీసి చూపించారు. 2021లో వచ్చిన ఉచిత నీళ్ల పథకానికి క్యాన్ నంబరుతో, అంటే నీళ్ల కనెక్షన్ ఖాతా నంబరుతో, ఆధార్ కలిపించుకున్నారట, నెలకి 20,000 లీటర్ల దాకా బిల్లు పడదు, అందుకని నీళ్లకి విడిగా ఏమీ తీసుకోరు. పోర్షన్‌కి సొంత కరెంటు మీటరు ఉంది.

ఇంట్లో లోపాలూ ఉన్నాయి. వెనక గదిలో పగలు కూడా లైటు వేయాలి. వంటగట్టు కురచ, స్టవ్ పెడితే మిక్సీకి చోటుండదు. అన్నిటికంటే పెద్దది, బాత్రూమ్‌లో కింద కూర్చునే దొడ్డే ఉంది. అత్తయ్య మోకాళ్లతో అది అసాధ్యం. కమోడ్ పెట్టించమంటే అంకుల్ మొదట ఒప్పుకోలేదు, టైల్స్ పగలగొట్టాలని. ఆంటీ మాత్రం తన మోకాలి మీద చెయ్యి వేసుకుని, "నాకూ అయితది రేపు" అన్నారు ఆయనతో. మేస్త్రీ 7,000 చెప్పాడు, వాళ్లు సగం, మేం సగం అనుకున్నాం.

అద్దె 13,000 చెప్పారు. నేను 11,500 అడిగాను. దక్షిణం వాకిలి కాబట్టి తగ్గించమని నేను అనలేదు, వాళ్ల ఇంటికి వంక పెట్టడం నాకిష్టం లేదు. రెండు నెలలకి పైగా ఖాళీగా ఉంది, మూఢం ఇంకా చాలా రోజులుంది, తర్వాత ఆషాఢం, అప్పటిదాకా ఎవరూ పాలు పొంగించరు, మేం మాత్రం జూన్‌లోనే దిగుతాం అన్నాను. ఏప్రిల్ చివర్లో మొదలైన ఆ మూఢం వల్ల ఆ వేసవి పెళ్లిళ్లే లేవు, ఇళ్లు మారేవాళ్లు కూడా తగ్గారు. ఆంటీ మధ్యలో పడి 12,000 అన్నారు. సరే అన్నాను.

మూఢం సంగతి అత్తయ్యకి చెప్పడమే కష్టమైంది. ఊరి నుంచి రాగానే, "దక్షిణం వాకిలి, పైగా మూఢంలోనా?" అన్నారు. ఎదురు చెప్పలేదు. మా పంతులుగారికి ఫోన్ కలిపి ఆవిడకే ఇచ్చాను. అద్దె ఇంటికి ఆ పట్టింపు అక్కర్లేదు, అమావాస్య దాటాక మంచి తిథి చూసి దిగండి అన్నారు. జూన్ 9 ఆదివారం, తదియ. ఆయన మాట మీద ఆవిడ మనసు కుదుటపడింది.

అగ్రిమెంటు 100 రూపాయల స్టాంప్ పేపర్ మీద, 11 నెలలకి. ఏడాది దాటితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి కాబట్టి అందరూ 11 నెలలే రాస్తారు. మీసేవ పక్కన టైప్ చేసే అబ్బాయి దగ్గర అచ్చుగా ఉన్న నమూనా ఇస్తాడు, పేర్లు మార్చి సంతకం పెట్టేస్తారు. ఈసారి నేను అలా పెట్టలేదు. దానికి కారణం పాత ఇల్లు. ఖాళీ చేసేటప్పుడు మా 16,000 అడ్వాన్స్‌లో 9,800 రంగుల కింద పట్టుకుని 6,200 చేతిలో పెట్టారు. ఒక నెల అద్దె రంగులకి పట్టడం హైదరాబాద్‌లో మామూలే, 2019లో మేం సంతకం పెట్టిన కాగితంలోనూ ఉంది, చదవలేదు. వాళ్లు కొడుకు పెళ్లికి ఎలాగూ వేయించుకునే రంగులకి మా డబ్బు పోయిందన్న బాధ మాత్రం ఇప్పటికీ ఉంది. అందుకే కొత్త కాగితంలో అన్నీ విడిగా రాయించాం. మూడేళ్లలోపు ఖాళీ చేస్తే రంగుల ఖర్చు సగమే. ఏడాదికి పెంపు ఐదు శాతం. రెండువైపులా రెండు నెలల నోటీసు. అడ్వాన్స్ 24,000 ముట్టినట్టు, మీటరు రీడింగ్ ఎంతో, కమోడ్‌కి మేం ఇచ్చిన 3,500 ఎంతో, అన్నీ. అంకుల్ ప్రతి లైనూ గట్టిగా చదివి, అద్దాలు తుడుచుకుని, మళ్లీ చదివి సంతకం పెట్టారు. ఒక కాపీ ఫ్రిజ్‌లోకి వెళ్లింది.

ఇప్పుడు లెక్క చెప్తాను. అద్దె 12,000, మోటారు కరెంటులో మా వాటా 200, చెత్త బండికి 100, మా కరెంటు ఏడొందలు. 13 వేలు. నా బస్సుకి ఖర్చు లేదు. మా ఆయన బండి పెట్రోల్ కాస్త పెరిగింది.

జూన్ 9న పొద్దున్నే ట్రాలీ ఆటోలో రెండు ట్రిప్పుల్లో సామానంతా వచ్చేసింది. అది నీళ్లొచ్చే రోజు కూడా. ఐదున్నరకి నేను మోటారు దగ్గర ఉన్నాను, పైపులో ముందు గాలి గుర్రుమంది, తర్వాత ధార. అత్తయ్య గేటు లోంచి మెట్టు లేకుండా నేరుగా నడిచి వచ్చి, ఊరి నుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబు పట్టారు. పాలు పొంగించకముందే ఆ చెంబులో నీళ్లు కొంచెం నోట్లో పోసుకుని, కాసేపు అలా ఉంచి, మింగి, "తియ్యగా ఉన్నాయే" అన్నారు. పాప కూడా చెయ్యి చాపింది.